ఆఫీసు కంప్యూటర్లలో డిస్కులు మార్చాలంటే: అసలు ఖర్చు ఎక్కడ, అసలు రిస్క్ ఎక్కడ?

సిస్టమ్స్ నెమ్మదించాయని ఆఫీసులో అందరూ విసుక్కుంటున్నప్పుడో, సీ డ్రైవ్ నిండి ఎర్ర గీత కనిపించినప్పుడో ఎవరో ఒకరు "డిస్కులు మార్చేద్దాం" అంటారు. వెంటనే ఆన్‌లైన్‌లో ధర చూసి, దాన్ని కంప్యూటర్ల సంఖ్యతో గుణించి, వచ్చిన మొత్తాన్ని పైవాళ్ల ముందు పెడతారు. వాళ్లు "అంత ఎందుకు" అంటారు, లేదా "అంతేనా, కానివ్వండి" అంటారు. ఏ జవాబు వచ్చినా అది తప్పు లెక్క మీద వచ్చిందే, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో డిస్క్ ధర అన్నిటికన్నా చిన్న అంకె. మార్చే మనిషి పెట్టే సమయం, ఆ సేపు ఆగిపోయే పని, మార్పిడిలో డేటా పోతే జరిగే నష్టం, పాత డిస్కులో మిగిలిన సమాచారం ఎవరి చేతిలో పడుతుందో అన్న భయం, ఇవేవీ బిల్లులో కనపడవు. మార్చకుండా ఊరుకుంటే రోజూ కొంచెం కొంచెంగా అయ్యే ఖర్చూ కనపడదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "ఏ డిస్క్ కొనాలి?" అన్నది మూడో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఈ కంప్యూటర్‌లో డిస్క్ ఈ రాత్రే పోతే రేపు పొద్దున ఏ పని ఆగుతుంది? రెండోది, ఆ పని మళ్లీ నడవడానికి ఎంతసేపు పడుతుంది, చేసిన దాంట్లో ఎంత మళ్లీ మొదటి నుంచి చేయాలి? ఒక్కో కంప్యూటర్‌కీ ఈ రెండు జవాబులూ కాగితం మీద రాసుకుంటే ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో చాలావరకు తేలిపోతుంది. అందరికీ ఒకే మోడల్ డిస్క్ ఒకేసారి కొనేయడం చూడటానికి న్యాయంగా ఉంటుంది కానీ, ముఖ్యమైన మెషీన్‌కి తక్కువ ఖర్చు, అక్కర్లేని మెషీన్‌కి ఎక్కువ ఖర్చు పెట్టినట్టే అవుతుంది.

అసలు జబ్బు ఏమిటో చూడండి

నెమ్మదించడం, నిండిపోవడం, పాతబడటం మూడు వేర్వేరు సమస్యలు. మూడింటికీ "కొత్త డిస్క్" అన్న ఒకే మందు వేయడం వల్లే సగం డబ్బు వృథా అవుతుంది.

నెమ్మదించడం సంగతి ముందు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు హెడ్, అంటే చదివే మొన, కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. హెడ్ అటూ ఇటూ జరగడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. రెండూ కలిపితే, డిస్క్ మీద చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలు చదవాల్సి వచ్చినప్పుడు సెకనుకు ఎనభై ముక్కలు చదివితే గొప్ప. ఇది భౌతికమైన పరిమితి, ఏ సాఫ్ట్‌వేర్ సెట్టింగూ దీన్ని దాటించలేదు. విండోస్ బూట్ అవడం, అకౌంటింగ్ ప్యాకేజీ తెరవడం, యాంటీవైరస్ స్కాన్, అన్నీ ఇలాంటి చిన్న ముక్కల పనులే. తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ, అందులోనూ సాటా అనే పాత తరహా కనెక్షన్‌తో నడిచే మామూలు రకం, ఇదే పనిని సెకనుకు పదుల వేలల్లో చేస్తుంది. అందుకే హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారితే, అది ఏ ఎస్‌ఎస్‌డీ అయినా సరే, తేడా మొదటి రోజే తెలుస్తుంది.

సాటా ఎస్‌ఎస్‌డీ నుంచి, పీసీఐఈ అనే ఇంకా వేగమైన దారిలో నడిచే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి మారడం మాత్రం వేరే కథ. అంకెలు ఆకట్టుకుంటాయి, సాటా సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతే పీసీఐఈ మూడో తరం ఎన్‌వీఎంఈ 3,500 ఎంబీ దాకా, నాలుగో తరం 7,000 ఎంబీ దాకా వెళ్తుంది. వీడియో ఎడిటింగ్, పెద్ద డేటాబేస్, ఒకే మెషీన్ మీద నాలుగైదు వర్చువల్ మెషీన్లు నడపడం లాంటి పనులుంటే ఆ వేగం నిజంగానే అక్కరకొస్తుంది. మెయిల్, బ్రౌజర్, స్ప్రెడ్‌షీట్, బిల్లింగ్ మాత్రమే నడిచే సీటులో ఆ తేడా మనిషికి తెలియదు. కొత్తగా కొనే కంప్యూటర్‌లో ఎన్‌వీఎంఈ ఎలాగూ వస్తుంది, తీసుకోండి. బాగా నడుస్తున్న సాటా ఎస్‌ఎస్‌డీని పీకి దాని స్థానంలో ఇది పెట్టడానికి మాత్రం చాలా ఆఫీసుల్లో కారణం లేదు.

కొనేముందు టాస్క్ మేనేజర్ తెరిచి, నెమ్మదిగా ఉందని చెప్పిన మనిషి మామూలుగా పనిచేసుకుంటుండగా చూడండి. డిస్క్ 100 శాతం దగ్గర తిష్ఠ వేసి, ప్రాసెసర్ ఖాళీగా ఉంటే అనుమానం డిస్క్ మీదే. అయితే మెమరీ కూడా నిండిపోయి ఉంటే, డిస్క్ అంత కష్టపడుతున్నది మెమరీ (ర్యామ్) చాలక, డిస్క్ మీదే ఉండే పేజ్ ఫైల్‌లోకి రాయాల్సి రావడం వల్ల కావచ్చు. అప్పుడు ర్యామ్ పెంచడం ముందు చేయాల్సిన పని. దీన్ని వదిలేసి ఎస్‌ఎస్‌డీ వేస్తే కొంత మెరుగు కనిపిస్తుంది కాబట్టి అసలు కారణం అలాగే దాగి ఉంటుంది.

నిండిపోవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఏది నింపిందో చూడండి, చాలాసార్లు పాత డౌన్‌లోడ్లు, ఒకే ఫోల్డర్‌కి మూడు కాపీలు, మెయిల్ క్యాష్ బయటపడతాయి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి, ఎస్‌ఎస్‌డీ అంచుల దాకా నిండితే రాసే వేగం పడిపోతుంది. పది పదిహేను శాతం ఖాళీ ఉండేలా సైజు ఎంచుకోవాలి. పైగా 1 టీబీ అని కొన్నది విండోస్‌లో 931 జీబీగానే కనిపిస్తుంది, ఆ తేడా కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంకో ప్రశ్న కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఆ కంప్యూటర్‌కి ఇంకెన్నాళ్ల ఆయుష్షు ఉంది? విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని, ప్రాసెసర్ మరీ పాతదైన మెషీన్లను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. ఎలాగూ త్వరలో పక్కన పెట్టాల్సిన మెషీన్‌కి డిస్క్ వేసేటప్పుడు, ఆ డిస్క్ తర్వాత వచ్చే మెషీన్‌లో పడుతుందా అని చూసుకోండి. పడుతుందంటే ఖర్చు వృథా కాదు. పడదంటే ఆ డబ్బు కొత్త మెషీన్ వైపు మళ్లించడమే మేలు.

పాడయ్యే అవకాశాన్ని అంకెల్లో చూస్తే

తయారీదారులు డిస్క్ స్పెసిఫికేషన్లలో, పాడవడానికి సగటు సమయం పది లక్షల గంటలు, పదిహేను లక్షల గంటలు అని రాస్తారు. పది లక్షల గంటలంటే 114 ఏళ్లు. ఏ ఒక్క డిస్కూ అన్నేళ్లు బతకదు, ఆ అంకె అర్థం అది కాదు. పెద్ద గుంపుగా డిస్కులు నడుస్తుంటే ఏడాదిలో వాటిలో 0.88 శాతం పోతాయని దాని భావం. ఆ మాట కూడా నిజ జీవితంలో నిలబడలేదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ 2007లో నిజంగా వాడకంలో ఉన్న సుమారు లక్ష డిస్కుల రికార్డులు చూస్తే ఏడాదికి 2 నుంచి 4 శాతం మార్చాల్సి రావడం మామూలే అని, కొన్నిచోట్ల అది 13 శాతం దాకా పోయిందని తేలింది. ఇటీవలి హార్డ్ డిస్కులు కొంచెం నయం. తన డిస్కుల లెక్కలు బహిరంగంగా ప్రకటించే బ్యాక్‌బ్లేజ్ సంస్థలో 2023లో పాడైన రేటు 1.4 శాతం.

1.4 శాతం అంటే దాదాపు ఏమీ లేదనిపిస్తుంది. ఒక్క కంప్యూటర్ ఉన్నవాళ్లకి అది నిజమే. 20 కంప్యూటర్లున్న ఆఫీసులో ఏడాదికి 1.5 శాతం చొప్పున లెక్క వేస్తే, ఏడాదిలో కనీసం ఒక డిస్క్ పోయే అవకాశం 26 శాతం, నాలుగింట ఒక వంతు. 50 కంప్యూటర్లుంటే సగం దాటుతుంది. పాతబడిన డిస్కులై రేటు 4 శాతానికి పెరిగిందనుకుంటే 20 కంప్యూటర్లకే 56 శాతం. అంటే ఓ మోస్తరు ఆఫీసులో "డిస్క్ పోతుందా" అని అడగడంలో అర్థం లేదు, ఏదో ఒకటి పోతుంది. ఎవరిది పోతుందన్నదే తెలియదు. అందుకే మొదట చెప్పిన రెండు ప్రశ్నలకి అంత ప్రాధాన్యం.

పోయేముందు డిస్క్ మనకి చెబుతుంది కదా అంటారు, డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ రీడింగుల సంగతి. గూగుల్ ఇంజనీర్లు కూడా 2007లోనే లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనంలో రెండు విషయాలు బయటపెట్టారు. డిస్క్‌లో మొదటి స్కాన్ ఎర్రర్ (డిస్క్ తనని తాను తనిఖీ చేసుకున్నప్పుడు దొరికే లోపం) కనిపించాక, తర్వాతి 60 రోజుల్లో అది పోయే అవకాశం ఎర్రర్ లేని డిస్కుల కన్నా 39 రెట్లు ఎక్కువ. అయితే పాడైన డిస్కుల్లో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రత తప్ప, ఏ స్మార్ట్ రీడింగులోనూ ఏ సూచనా ఇవ్వకుండానే పోయాయి. కాబట్టి స్మార్ట్ హెచ్చరిక వస్తే ఆ రోజే కదలాలి. హెచ్చరిక రాలేదని నిశ్చింతగా ఉండటానికి మాత్రం వీల్లేదు.

ఎస్‌ఎస్‌డీల విషయంలో రెండు వ్యతిరేక దిశల్లో తప్పుడు నమ్మకాలున్నాయి. "రాసీ రాసీ అరిగిపోతుంది" అన్న టెన్షన్ ఒకటి. 500 జీబీ ఎస్‌ఎస్‌డీకి 300 టీబీ రాతల దాకా వారంటీ ఇవ్వడం మామూలు. ఐదేళ్లకు పంచితే రోజుకు 164 జీబీ. ఒక ఆఫీసు సీటులో రోజుకు 30 జీబీ రాశారనుకున్నా ఆ హద్దు చేరడానికి 27 ఏళ్లు పడుతుంది. సీసీటీవీ రికార్డింగ్, బిజీగా ఉండే డేటాబేస్ సర్వర్ లాంటివి వేరు, అక్కడ ఈ లెక్క విడిగా వేయాల్సిందే. రెండో నమ్మకం దీనికి తలకిందులు, "ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు, ఇక పాడవదు" అన్నది. గూగుల్ డేటా సెంటర్లలోని ఫ్లాష్ డ్రైవుల మీద 2016లో వచ్చిన అధ్యయనం ప్రకారం, హార్డ్ డిస్కుల కన్నా వాటిని తక్కువగా మార్చాల్సి వచ్చిన మాట నిజమే, కానీ మోడల్‌ని బట్టి 20 నుంచి 63 శాతం డ్రైవుల్లో నాలుగేళ్లలో కనీసం ఒక్కసారైనా, రాసిన డేటాని తిరిగి చదవలేకపోయే, సరిదిద్దలేని లోపం వచ్చింది. పైగా హార్డ్ డిస్క్ చాలాసార్లు టిక్కుటిక్కుమంటూ, నెమ్మదిస్తూ కొంత వ్యవధి ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీ సాయంత్రం దాకా బాగా నడిచి పొద్దున అసలు కనిపించకపోవచ్చు. తుడిచిన ఫైళ్ల చోటుని ఎస్‌ఎస్‌డీ తనే ఖాళీ చేసుకునే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల, పొరపాటున తుడిచేసిన ఫైల్‌ని ఎస్‌ఎస్‌డీ నుంచి వెనక్కి రప్పించడం కూడా దాదాపు కుదరదు. హార్డ్ డిస్క్ రోజుల్లో రికవరీ సాఫ్ట్‌వేర్‌తో బయటపడిన వాళ్లు ఆ ధైర్యాన్ని ఇక్కడికి తేకూడదు.

ధరల్లో తేడా దేనికి

ఒకే సైజు ఎస్‌ఎస్‌డీలు ఒకటి చౌకగా, ఒకటి రెట్టింపు ధరకి ఎందుకుంటాయి? ఒక కారణం, చిప్‌లో డేటా దాచే ఒక్కో చిన్న గదిలో (సెల్) ఎన్ని బిట్లు ఇరికించారన్నది. టీఎల్‌సీ అనే రకంలో మూడు, క్యూఎల్‌సీ అనే రకంలో నాలుగు. క్యూఎల్‌సీ చౌక, మామూలు వాడకంలో తేడా తెలియదు. పెద్ద ఫైళ్లు ఏకబిగిన రాస్తున్నప్పుడు ముందున్న వేగవంతమైన క్యాష్ (తాత్కాలికంగా రాసుకునే చోటు) నిండిపోయాక మాత్రం వేగం హార్డ్ డిస్క్ స్థాయికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. రోజూ బ్యాకప్ ఇమేజ్‌లు రాసే మెషీన్‌లో దాన్ని పెట్టడం నాకు ఇష్టం లేదు.

రెండో కారణం కరెంటు పోయినప్పుడు కాపాడే కెపాసిటర్లు. సర్వర్ల కోసం చేసిన ఎస్‌ఎస్‌డీల్లో, కరెంటు హఠాత్తుగా పోయినా చేతిలో ఉన్న డేటాని రాసి ముగించేంత శక్తి నిల్వ ఉంటుంది. మామూలు ఎస్‌ఎస్‌డీల్లో సాధారణంగా ఉండదు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి దీని గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. అందరూ రాసే డేటాబేస్ ఉన్న సర్వర్‌కి మాత్రం, నన్నడిగితే, అదనంగా డబ్బు పెట్టదగిన మొదటి లక్షణం వేగం కాదు, ఇదే.

హార్డ్ డిస్కుల్లో కూడా ఇలాంటి మెలిక ఉంది. షింగిల్డ్ రికార్డింగ్ అనే పద్ధతిలో ట్రాక్‌లను ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకోటి వచ్చేలా పేరుస్తారు, అందుకని ఒక్క చోట మార్చాలంటే పక్కవన్నీ తిరగరాయాలి. ఒకసారి రాసి దాచిపెట్టుకునే డేటాకి ఫరవాలేదు, కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా నడిపే రెయిడ్‌లో పెడితే ఇబ్బంది పెడుతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ నెట్‌వర్క్ స్టోరేజ్ కోసమని అమ్మిన రెడ్ సిరీస్‌లో కొన్ని మోడళ్లు ఈ పద్ధతివేనని, ఆ మాట స్పెసిఫికేషన్లలో స్పష్టంగా రాయలేదని బయటపడి గొడవైంది. ఆ తర్వాతే కంపెనీ జాబితా ప్రకటించింది. కొనేముందు మోడల్ నంబర్ వెతికి చూసుకోవడం ఐదు నిమిషాల పని.

వారంటీ గురించి చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. వారంటీ కొత్త డిస్క్ ఇస్తుంది, డేటా ఇవ్వదు. పైగా పాడైన డిస్క్‌ని వాళ్లకి పంపాలి, అందులో మీ కస్టమర్ల వివరాలుంటే? కొన్ని పెద్ద కంపెనీలు పాడైన డిస్క్‌ని మీ దగ్గరే ఉంచుకునే ఏర్పాటు విడిగా అమ్ముతాయి. సున్నితమైన డేటా ఉన్నచోట ఆ ఖర్చు కూడా పోలికలోకి రావాలి.

రెయిడ్ ఉంది కదా అన్న ధీమా

రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే రెయిడ్ 1 మంచి ఏర్పాటు, ఒక డిస్క్ పోయినా పని ఆగదు. అది చేసే మేలు అంతవరకే. ఎవరో ఫోల్డర్ తుడిచేస్తే రెండింటిలోనూ ఆ క్షణమే పోతుంది. రాన్సమ్‌వేర్ వస్తే రెండూ లాక్ అవుతాయి. రెయిడ్ పని ఆగకుండా చూస్తుంది, బ్యాకప్ డేటా పోకుండా చూస్తుంది, ఒకటి ఉందని రెండోది మానేయడం కుదరదు.

పెద్ద డిస్కులతో రెయిడ్ 5, అంటే ఒక్క డిస్క్ పోతే మాత్రమే తట్టుకునే రకం, కట్టేవాళ్లు ఇంకొంచెం ఆలోచించాలి. 16 టీబీ డిస్క్ ఒకటి పోతే కొత్తదాన్ని నింపడానికి, సెకనుకు 200 ఎంబీ చొప్పున ఏ ఆటంకం లేకుండా నడిచినా 22 గంటలు పడుతుంది. ఆఫీసు పని కూడా నడుస్తుంటే ఇంకా ఎక్కువ. అంతసేపూ మిగిలిన డిస్కులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవబడుతూ ఉంటాయి, ఇంకొక్కటి పోయినా మొత్తం పోయినట్టే. డిస్క్ స్పెసిఫికేషన్‌లో, చదవలేని లోపం ఒకటి రావచ్చన్న హద్దు 1 పక్కన 15 సున్నాలన్ని బిట్లు చదివితే అని ఉందా, 14 సున్నాలన్ని బిట్లకే అని ఉందా చూడండి. 14 సున్నాలంటే 12.5 టీబీ మాత్రమే. నిజానికి చాలా డిస్కులు ఆ హద్దు కన్నా మెరుగ్గానే పనిచేస్తాయి. అయినా పెద్ద డిస్కులకి రెండు పోయినా తట్టుకునే రెయిడ్ 6, లేదా డిస్కులను జతలుగా అద్దం ప్రతుల్లా ఉంచే రెయిడ్ 10 ఎంచుకోవడానికి ఈ లెక్కే కారణం.

ఒకే రోజు ఒకే బ్యాచ్ డిస్కులు కొని రెయిడ్‌లో పెట్టడంలో ఉన్న రిస్క్‌కి, సర్వర్లు అమ్మే హెచ్‌పీఈ కంపెనీ ఉదంతం కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 2019 నవంబర్‌లో ఆ కంపెనీ కొన్ని సర్వర్ ఎస్‌ఎస్‌డీల ఫర్మ్‌వేర్‌లో (డ్రైవ్ లోపల ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) లోపం ఉందని ప్రకటించింది. డ్రైవ్ సరిగ్గా 32,768 గంటలు, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు నడిచాక పనిచేయడం ఆగిపోతుంది, అందులోని డేటా తిరిగి రాదు. ఆ అంకె రెండుని పదిహేనుసార్లు గుణిస్తే వచ్చేది. నాలుగు నెలలకే, 2020 మార్చిలో, మరికొన్ని మోడళ్లలో 40,000 గంటల దగ్గర ఇలాంటిదే బయటపడింది. ఒకేసారి స్విచ్ వేసిన డ్రైవులన్నీ ఒకేసారి పోతాయి, కాబట్టి ఎన్ని అదనపు డిస్కులు పెట్టుకున్నా రెయిడ్ కాపాడలేదు. ముందే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసుకున్నవాళ్లకి ఏమీ కాలేదు. డిస్క్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అన్నది పని జాబితాలో చేర్చండి, అద్దం ప్రతుల్లాంటి రెండు డిస్కులు వేర్వేరు బ్యాచ్‌ల నుంచి, వీలైతే వేర్వేరు కంపెనీల నుంచి తీసుకోండి. ఖర్చు పెరగదు, కాస్త ఓపిక కావాలంతే.

మార్చే రోజే ప్రమాదకరం

డిస్క్ బాగా నడుస్తున్న మామూలు రోజుకన్నా, దాన్ని మార్చే రోజే డేటా పోయే అవకాశం ఎక్కువ. క్లోనింగ్ అంటే కొత్తదానిలోకి నకలు తీయడానికి పాత డిస్క్‌ని మొదటి నుంచి చివరిదాకా ఏకధాటిగా చదివించడం. ఏళ్ల తరబడి ముట్టుకోని మూలలు కూడా ఆ రోజు బయటికి రావాలి, అప్పటికే నీరసించిన డిస్క్ చాలాసార్లు అక్కడే చేతులెత్తేస్తుంది. అందుకే ముఖ్యమైన ఫైళ్లు ముందు వేరేచోట కాపీ చేసి, అవి అక్కడ తెరుచుకుంటున్నాయని చూశాకే క్లోన్ మొదలుపెట్టాలి. స్మార్ట్ హెచ్చరిక వచ్చిన డిస్క్ అయితే క్లోనింగ్ ఆలోచనే పక్కనపెట్టి, ముందు డేటా ఫోల్డర్లు తీసుకుని, కొత్త డిస్క్ మీద విండోస్ తాజాగా వేసుకోవడం మంచిది.

తర్వాత చిన్నవిగా కనిపించి రోజంతా తినేసే సంగతులు. కీ లేకుండా ఎవరూ చదవలేకుండా డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం, బిట్‌లాకర్, ఆన్‌లో ఉంటే రికవరీ కీ చేతిలో ఉందా? కీ వెళ్లిపోయిన ఉద్యోగి అకౌంట్‌లో ఉందని డిస్క్ విప్పాక తెలిస్తే లాభం లేదు, ముందే చూసి, క్లోనింగ్ అయ్యేదాకా బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయాలి. పాత మెషీన్‌లో డిస్క్‌ని భాగాలు చేసింది ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో అయితే 2 టీబీ దాటిన డిస్క్‌లో మిగతా భాగం వాడలేరు, జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి. ఎం.2 స్లాట్ (చిన్న బోర్డులాంటి ఎస్‌ఎస్‌డీ దూర్చే చోటు) కనిపిస్తోంది కదా అని ఎన్‌వీఎంఈ తెస్తే, ఆ స్లాట్ సాటా మాత్రమే ఒప్పుకునేది కావచ్చు. బయాస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే మూల సెట్టింగుల్లో, డిస్క్ కంట్రోలర్ మోడ్ మారిస్తే విండోస్ నీలి తెరతో ఆగిపోవచ్చు. కొన్ని అకౌంటింగ్, డిజైన్ సాఫ్ట్‌వేర్ల లైసెన్స్ డిస్క్‌తో ముడిపడి ఉంటుంది, పాత డిస్క్ తీసేముందే లైసెన్స్ వెనక్కి అప్పజెప్పకపోతే సపోర్ట్ లైన్‌లో గంటలు గడుస్తాయి.

సమయం కూడా నిజాయితీగా లెక్కేయండి. 500 జీబీ డేటా సెకనుకు 100 ఎంబీ చొప్పున వెళ్తే గంటన్నరకు కాస్త తక్కువ. అదే పాత యూఎస్‌బీ 2 కేబుల్ వాడితే నాలుగు గంటలు. ఆ మెషీన్‌లో కూర్చునే మనిషి ఆ సేపు ఏం చేస్తారన్నది ముందే అనుకోవాలి. జీతాల రోజు, నెలాఖరు, పన్ను గడువు దగ్గర్లో ఇలాంటి పని పెట్టుకోకండి. అన్నీ ఒకే శని, ఆదివారాల్లో ముగించాలన్న ఉత్సాహం కూడా వద్దు. ముందు ఒకటి మార్చి, వారం రోజులు మామూలుగా వాడనిచ్చి, ప్రింటర్, డిజిటల్ సంతకం, బ్యాకప్, అన్నీ నడుస్తున్నాయని చూశాక మిగతావి చేయండి. పాత డిస్క్‌ని వెంటనే తుడవకుండా లేబుల్ వేసి కొన్ని వారాలు తాళం వేసిన చోట ఉంచండి, ఇంతకన్నా చౌకైన బీమా లేదు. దాన్నీ, క్లోన్‌నీ ఒకే మెషీన్‌కి కలిపి బూట్ చేయకండి, రెండిటికీ ఒకే గుర్తింపు ఉండటంతో విండోస్ తికమకపడుతుంది.

బ్యాకప్ ఉందని చెప్పడం వేరు, దాన్నుంచి తిరిగి తెచ్చి చూడటం వేరు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే తుడిచేశారు. వెనక్కి తెద్దామని చూస్తే, ఐదు రకాల బ్యాకప్, రెప్లికేషన్ (వేరేచోట నకలు ఉంచడం) ఏర్పాట్లలో ఒక్కటీ నమ్మకంగా పనిచేయడం లేదని వాళ్లే బహిరంగంగా రాసుకున్నారు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్, అంటే అప్పటి డేటా ప్రతి, ఒకటుంది, దానితో బయటపడ్డారు, మధ్యలోని ఆరు గంటల డేటా పోయింది. అంత సాంకేతిక నైపుణ్యం ఉన్నచోటే ఇలా జరిగింది. కాబట్టి డిస్కులు కొనడానికి ఆర్డర్ ఇచ్చేముందు, బ్యాకప్ నుంచి ఏదో ఒక ఫోల్డర్‌ని వేరే మెషీన్‌లోకి తిరిగి తెచ్చి తెరిచి చూడండి. తెరుచుకోకపోతే కొనాల్సింది డిస్క్ కాదు.

మరి లెక్క ఎలా వేయాలి

ఒక పక్క మార్చకపోతే అయ్యే నష్టం పెట్టండి. ఒక మనిషి రోజుకు పది నిమిషాలు కంప్యూటర్ కోసం ఎదురుచూస్తే, 220 పని దినాల ఏడాదిలో దాదాపు 37 గంటలు, నాలుగున్నర పని దినాలకు పైనే. ఆ జీతం ఎంతో మీకు తెలుసు, దాని పక్కన ఒక ఎస్‌ఎస్‌డీ ధర పెట్టి చూడండి. హార్డ్ డిస్క్ మీద ఇంకా నడుస్తున్న సీట్ల విషయంలో ఈ ఒక్క పోలికతోనే చర్చ ముగుస్తుంది. దానికి, డిస్క్ పోయే అవకాశాన్ని పోతే ఆగే పని విలువతో గుణించి కలపండి. రెండో పక్క డిస్క్ ధర, మార్చే మనిషి గంటలు, ఆగే సమయం, లైసెన్స్ చిక్కులు, పాత డిస్క్‌ని నాశనం చేసే ఖర్చు పెట్టండి.

ఇలా వేసినప్పుడు ఒకే ఆఫీసులో మూడు రకాల జవాబులు రావడం సహజం. రిసెప్షన్ కంప్యూటర్‌లో సొంత డేటా ఏమీ ఉండదు, అన్నీ బ్రౌజర్‌లోనే. అక్కడికి చౌక ఎస్‌ఎస్‌డీ చాలు, బీరువాలో సిద్ధం చేసిన స్పేర్ ఒకటి ఉంటే పోయినా గంటలో పని మొదలవుతుంది. అకౌంట్స్ మెషీన్‌కి డిస్క్ నాణ్యత కన్నా, రోజులో చాలాసార్లు తనంతట తానే జరిగే బ్యాకప్ మీద ఎక్కువ పెట్టాలి, ఎందుకంటే అక్కడ ఖరీదైనది ఒక రోజు ఎంట్రీలు మళ్లీ చేయడం. అందరూ ఆధారపడే సర్వర్‌కి మాత్రం కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీలు జతగా, బయట ఇంకో బ్యాకప్, చేతికందేలా ఒక స్పేర్, అన్నీ కావాలి. స్పేర్ విషయం తేలిగ్గా తీసుకోకండి. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో డిస్క్ ఫ్యాక్టరీలు మునిగినప్పుడు ప్రపంచమంతా నెలల తరబడి ధరలు పెరిగాయి, సరుకూ దొరకలేదు.

తీసేసిన డిస్కులు

ఈ ఖర్చుని అందరూ సున్నా అనుకుంటారు. అమెరికా ఆర్థిక సంస్థ మోర్గాన్ స్టాన్లీ పాత సర్వర్లు, డిస్కులు తీసేసే పనిని డేటా నాశనంలో అనుభవం లేని రవాణా కంపెనీకి అప్పగించింది. కస్టమర్ల వివరాలు తుడవని పరికరాలు కొన్ని చివరికి ఇంటర్నెట్ వేలంలో తేలాయి. సుమారు కోటిన్నర మంది కస్టమర్ల సమాచారాన్ని కాపాడలేకపోయిందంటూ అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వేసిన కేసులో 2022లో ఆ సంస్థ 3.5 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పుకుంది. పరికరాల్లో కొన్నిటికి ఎన్‌క్రిప్షన్ సదుపాయం ఉండి కూడా ఏళ్లపాటు ఆన్ చేయలేదన్నది అందులో నన్ను ఎక్కువగా బాధించిన సంగతి.

ఫార్మాట్ చేయడం తుడవడం కాదు. హార్డ్ డిస్క్‌ని పూర్తిగా తిరగరాస్తే సరిపోతుంది, ఎస్‌ఎస్‌డీలో అది నమ్మదగ్గ పద్ధతి కాదు, ఎందుకంటే లోపలి కంట్రోలర్ చిప్ దాచి ఉంచుకునే భాగాలకి మన రాతలు చేరవు. దానికి తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. కొత్త డిస్క్ వేసిన మొదటి రోజే ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, కీని జాగ్రత్తగా వేరేచోట ఉంచుకుంటే, ఏళ్ల తర్వాత తీసేసేటప్పుడు ఆ కీని నాశనం చేస్తే చాలు, లోపలిది ఎవరికీ పనికిరాదు. పాడై అసలు పలకని డిస్క్‌ని తుడవలేరు కాబట్టి, ఎన్‌క్రిప్షన్ లేకపోతే దాన్ని పగలగొట్టడమే మార్గం.

బాగానే ఉన్న పాత హార్డ్ డిస్కులు బ్యాకప్‌కి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. స్మార్ట్ రీడింగులు శుభ్రంగా ఉంటే అదనపు కాపీకి వాడండి, ఉన్న ఒక్క కాపీ దాని మీద పెట్టకండి. పాత ఎస్‌ఎస్‌డీలో డేటా నింపి సొరుగులో పడేయడం మాత్రం వద్దు. ఎస్‌ఎస్‌డీ సెల్స్‌లో డేటా విద్యుదావేశంగా ఉంటుంది, కరెంటు లేకుండా పడి ఉంటే అది మెల్లగా జారిపోతుంది. చిప్‌ల పరిశ్రమకి ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం, రాతల హద్దు దాకా వాడేసిన మామూలు ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఏడాది పాటు, సర్వర్ ఎస్‌ఎస్‌డీ 40 డిగ్రీల దగ్గర మూడు నెలల పాటు డేటాని నిలుపుకుంటే చాలు. తక్కువ వాడినవి అంతకన్నా చాలా ఎక్కువ కాలమే నిలుస్తాయి, అయినా ఏళ్ల తరబడి దాచాల్సిన లెక్కల పుస్తకాలకి హార్డ్ డిస్క్ వాడి, ఏడాదికోసారైనా దాన్ని తగిలించి ఫైళ్లు తెరిచి చూసుకోండి.